ఢిల్లీ ముచ్చట ఎవరినడగాలె

మంగళవారం, డిండోలి

పొద్దుగూకంగ, బతకనొచ్చిన ఈ ఊర్ల మా గల్లీల మోరీలు చూస్తానికి కార్పొరేటర్ వచ్చిండు. అందరు మోరీల గురించే చెప్తున్నరు. నా భార్య భాగ్య ముందుకు పోయి హిందీల అడిగింది: "సాబ్, బయటి దేశం మన బట్ట మీద పన్ను పెంచిందని సేఠ్ మా ఆయన నడిపే బట్ట నేసే సాంచాలు బంద్ పెట్టిండు. దీనికి ఎవరినడగాలె?"

"అది ఢిల్లీ ముచ్చట, బెహన్. నా చేతుల లేదు."

"ఓట్లప్పుడు ఢిల్లీ గూడ మాదే అన్నరు గద."

నాకు భయమైంది. ఆయన మాత్రం కోపం చేయలే. మా మెట్ల మీద కూసొని మెల్లగ అన్నడు: "మా తమ్ముడు గూడ హీరాలు, అదే వజ్రాలు, సానబట్టే పని పోయి ఇంట్లనే ఉన్నడు. పైవాళ్లను అడిగిన. నాకూ జవాబు రాలే."

పాపమనిపించింది. దేశాల కొట్లాట ఆయన పెట్టింది కాదు. కానీ మా పని ఎందుకు పోయిందో, మళ్ల ఎప్పుడొస్తదో ఎవరో ఒకరు మా ముందట నిలబడి చెప్పాలె గద.

భాగ్య మంచినీళ్లిచ్చి, "జవాబు రాలేదన్న మాటనే మీటింగుల మైకుల చెప్పుండ్రి సాబ్," అన్నది. ఆయన నీళ్లు తాగి పోయిండు.

"గంత ధైర్యం ఎక్కడిదే నీకు?" అని అడిగిన.

"నువ్వు అడుగుతవని జరసేపు చూసిన," అన్నది.