చెయ్యి అందని చోటు

1961 ఆగస్టు 9. ఎండ లేదు, కొండగాలి. తలగడ గలీబు ఉతికి ఆరేశాను. నువ్వు పోయి నేటికి ఏడాది, కామాక్షీ.

నలభై దాటినా మొటిమలు తగ్గలేదని డాక్టరు దగ్గరకి వెళ్లాను. మిల్లులో మిషన్లు తుడిచే వేస్టు దూదితో ముఖం తుడుచుకోవద్దన్నాడు. నువ్వూ అదే తిట్టేదానివి: "అది మొగమా, మిషనా? ఈ తుండు తీస్కోండి!"

గంధకం మందు ఇచ్చి, "వీపుకి ఇంట్లోవాళ్లని పూయమని చెప్పండి" అన్నాడు. సరేనన్నాను.

ఇంటికొచ్చి ముఖానికి పూసుకున్నాను. భుజాల దాకా చెయ్యి అందింది. ఆ కింద, నువ్వు వేలితో తడిమి, "ఇంకా మూడుండాయి, కదలకుండా కూసోండి" అనే చోటికి అందలేదు.

సీసాకు మూత పెట్టాను. గలీబు ఆరిందేమో చూసి, తలగడకి తొడిగాను.