నెత్తి మీద తట్టినందుకు

చిన్నాయనా, ఎదురుంగ నోరు రాక మెసేజ్ పెడుతున్న. నానమ్మను నేను గుద్దిన్నని ఊరంత చెప్పినవంట. బోరు కాడ పోరగాళ్లు "ముసల్దాన్ని గుద్దినోడొచ్చిండు" అంటున్నరు.

పండుకున్న మనిషి నోట్లె మలేరియా గోలీ కుక్కింది నువ్వు. అది గొంతుల అడ్డంపడి, మాట రాక, మొఖం నల్లబడుతుంటే "పొలమారిందిలే, సచ్చిన మా అయ్య తలుచుకుంటుండు" అని నవ్వుకుంట నెత్తి మీద తట్టినవ్. పైనుంచి నీళ్లు పోసినవ్. నేను లేపి, ముందుకు వంచి, వీపు మీద రెక్కల నడుమ అరచేత్తో గట్టిగ చరిస్తేనే గోలీ బయట పడ్డది. మణుగూరు దవాఖానల సిస్టరమ్మ అట్లనే చెయ్యాలని చెప్పింది.

మిగిలిన గోలీలు కూసోబెట్టి, ముందు ఒక గుక్క నీళ్లు తాపి నేనే మింగిస్తున్న. నువ్వు రాకు.

నీకెప్పుడన్న పొలమారితే నేను తలుచుకున్ననని మాత్రం అనుకోకు.