ఎక్స్‌పార్టీ అంటే

తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులుపడకు. ఇంటి దావా మాత్రం పోయింది. ఇల్లు బాబాయి కొడుకుదే అన్నారు.

"నేను చెప్పేదాకా నోరు విప్పకు" అని మన వకీలు చెప్పాడు. బంట్రోతు నా పేరు పిలిచినప్పుడు గుమ్మం పక్కనే నిలబడి, వకీలు కోసం చూస్తూ ఊరుకున్నాను. ఆయన వేరే కోర్టులో ఉన్నాడట. ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేశారు. అంటే ఏమిటని గుమాస్తాను అడిగాను.

"నువ్వు రాలేదని, వచ్చినవాడికే ఇచ్చేయడం పెద్దాయనా."

"వచ్చాను కదా బాబూ!"

"పలక్కపోతే రానట్టే లెక్క" అని నవ్వాడు.

కేసు తిరగదోడమని అర్జీ పెట్టాలి. వెంటనే బయల్దేరి ఇక్కడ కోర్టుకు రా. పిల్లలకు దీవెనలు. అక్కడ మీ వదిన వంటింటి కప్పు బాగుచేయిస్తోందేమో, బయల్దేరేముందు ఆపించు. ఎందుకని అడిగితే, ఆ మాట నేనే వచ్చి చెబుతానన్నానని చెప్పు.