నీ రికార్డు అమ్మ విన్న రోజు

అక్కా,

నీ రికార్డు దొరికింది. బ్యాండు వెనకాల గొంతు కలిపినవి కాదు, నువ్వొక్కదానివే పాడిన ఆ జాజ్ రికార్డు. చిరాగ్‌పల్లి లారీ డ్రైవరు బొంబాయి పాత సామాన్ల బజారులో చూసి తెచ్చాడు. అట్ట మీద నీ ఫొటో లేదు, పేరు మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది.

పొద్దుటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మైక్‌సెట్ దుకాణంలో ప్లేయర్ అడిగి తెచ్చాను. అమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. నువ్వు బొంబాయి హోటల్లో పాడడానికి వెళ్లిన నాటి నుంచి, జ్వరంతో పోయావని కబురొచ్చాక కూడా, ఆమె నీ పేరు ఎత్తలేదు. అందుకే ఎవరిదో చెప్పకుండా సూది పెట్టాను.

ఇంగ్లీషు పాట కదా, అమ్మ నీ గొంతు పోల్చుకోలేదు. సగంలో మాటలు వదిలేసి, దబదబ దూ అంటూ బాకాతో పోటీ పడ్డావు చూడు, అక్కడ చాట ఆగింది.

"అయ్యో, పిల్ల మాటలు మర్సిపోయినట్టుంది. మంది ముంగట ఎంత పరేషానైందో!"

"మర్సిపోలేదమ్మా, ఆ పాటలు గట్లనే పాడ్తరు."

"నువ్వూకో. మర్సినా ఆపలే, సూడు."

నీ పేరు నా నోటిదాకా వచ్చింది. గుమ్మం దాకా పోయి వచ్చాను, మళ్లీ పోయాను. చెబితే ప్లేయర్ ఆపమంటుందేమో. చెప్పకపోతే విన్నది నిన్నేనని ఎప్పటికీ తెలియదు. ఇంతలో పాట అయిపోయి సూది గరగరలాడింది.

అమ్మ చాట పక్కన పెట్టింది.

"మళ్ల పెట్టు బిడ్డా. ఈసారన్న పిల్లకు మాటలు యాదికొస్తయేమో."