స్పేస్ మీట కింది బూడిద స్విచ్

తమ్ముడు వెంకటసాయికి,

ఎమ్మిగనూరు మరియంబక్క కంప్యూటర్ కీబోర్డు అరుదైందని తెలిసినాక, దాన్ని నీకిప్పించమని నువ్వు రాసిన ఉత్తరం చేరింది. సిగ్గు లేకుండా ఎంత చక్కగా రాసినావప్పా!

పోయిన నెల వాళ్లింటికి పోయి, పాత కీబోర్డుల స్విచ్చులు గుర్తుపట్టడంలో నిన్ను మించినోడు లేడని చెప్పుకున్నావు. స్పేస్ మీట ఒక్కటే పీకినావు. కింద బూడిద రంగు స్విచ్ కనపడగానే, ఇది యాడైనా దొరికేదే, పాత సామాన్లు కొనే గుజిరీకి వేసేయమన్నావు. సచ్చిపోయిన మొగుడి గుర్తని దాచుకున్నదాన్ని ఆయమ్మ నీ మాట నమ్మి వేసేసింది. గుజిరీ అంగట్లో నా కంట పడబట్టి సరిపోయింది.

స్పేస్ మీట పొడుగుది, దానికి గట్టి స్విచ్ వేరేగా పెడతారు. తక్కిన మీటలన్నీ నేను పీకి చూసినా. అన్నీ లేత పసుపు స్విచ్చులు. చప్పుడు నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు వస్తుంది. ముప్పై ఏండ్ల రిపేరీలో ఇట్లాంటివి నేను చూడలేదు.

ఆదోని మార్కెట్ యార్డులో మా చిన్నాయన, అదే మీ నాయన, పత్తి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి దూది తీసి చూడందే ధర చెప్పను నోరు తెరిచేవాడు కాదు. ఆయన కొడుకువి నువ్వు!

కీబోర్డు మరియంబక్కకే ఇచ్చొచ్చినా. నువ్వు చూసినట్లాంటి బూడిద స్విచ్చులు నా డబ్బాలో శానా ఉండాయి. ఒకటి ఈ కవర్లో పెట్టినా. నీ చూపుకు అది చాలు.

నీ అన్న