కొత్త పెట్టకముందే చేపలు తిన్న నూనె

చింతూరు

అమ్మకు ఫల్గుణ దండాలు. దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగపడకు.

నువ్వు పంపిన కొత్త వలిసె గింజల నూనె నా ఉద్యోగం నిలబెట్టింది. ఇక్కడ మేం పెంచే కొర్రమేనుల మేతలో కలిపే చేప నూనె ఈసారి తక్కువ వచ్చి, నేను చూసే తొట్టికి చాలలేదు. చేపలు చిక్కిపోతే ముందు నన్నే పొమ్మంటారు. మొక్కల నూనె కలిపి చూద్దామని మా సూపర్‌వైజర్ సింహాచలం గారు అంటే నీ సీసా తీసి ఇచ్చాను. “కొత్త పంట పండగ చేసి, దేవుడికి కొత్త పెట్టేదాకా మేం ముట్టం సార్” అన్నాను. “నిన్ను తినమన్నానేటి? చేపలకి పండగేటి? బేగి కలుపు” అన్నారు. నిజమే కదా అనుకున్నాను.

నెల తర్వాత తూస్తే నా చేపలు మిగతా తొట్లవాటికి ఏమాత్రం తీసిపోలేదు. సార్ సంతోషించి నన్ను పర్మినెంటు చేయిస్తానన్నారు, ఒక చేప కూడా ఇచ్చారు. కమ్మగా వండుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, ఆ కొత్త నూనె తిన్న చేపనే కదా నేను తిన్నాను!

మేకకు కాలు నయమైందా? చెల్లి కనక హాస్టల్‌కి వెళ్లిందా? దానికి స్వెట్టర్ పంపుతున్నాను.

పండగకు రోజు చూసే దిశారి తాతను అడుగు. తప్పే అంటే నా పేరున ఒక కోడిని పెట్టు. కాదంటే నా దండం చెప్పు. ఏమన్నా సరే, ఇంకో సీసా మాత్రం పంపు. ఈసారి దేవుడు తిన్నాకే చేపలకు పెడతాను.

నీ కొడుకు
ఫల్గుణ