ఈశాన్యం గూట్లో చేప

బుధవారం, రాత్రి

ఇవాళ మళ్లీ చేపల తొట్టి సంగతి ఎత్తాను. ఈశాన్యం మూల చేపలుండాలని సిరవార నుంచి వచ్చిన వాస్తు పంతులు చెప్పాడు. కిటికీ దగ్గరున్న నా కుట్టుమిషన్ తీయించి, ఆ పక్క గోడగూట్లో పట్టేంత తొట్టి పెట్టించి ఏడాది దాటింది. అప్పుడు వేలెడంత ఉన్న బంగారు చేప ఇప్పుడు జానెడుకు దగ్గరైంది. తిరగబోతే తోక అద్దానికి తట్టుకుంటుంది. రోజంతా గోడకే ముఖం పెట్టుకుని ఉంటోంది.

"పెద్ద తొట్టి తెద్దాం అత్తమ్మా," అన్నాను.

"గూట్ల పట్టొద్దా? తొట్టి ఎంతుంటే చేప గంతనే పెరుగుతదని దుకాణపాయన చెప్పిండు గదనే," అంది అత్త.

"మరి గిది పెరిగింది గద?"

మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "బతికే ఉన్నది గద, నీకెందుకు గంత పరేషాన్?" అన్నారు.

ఎందుకో ఆ మాట నాకే తగిలింది. మిషన్ ఇప్పుడు వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక ఉంది. ఆ చీకట్లో సూదిలోకి దారం కూడా ఎక్కదు. బ్లౌజులు కుట్టమని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు రావడం లేదు...

సాయంత్రం ఎవరూ చూడకుండా నీళ్లలో చేయి పెట్టి, చేపను కిటికీ వైపు తిప్పాను. వంట ముగించుకుని వచ్చి చూస్తే ఇంకా అటే చూస్తోంది.